కాళ్ల కింద గాలి నడిచే గది

(మహబూబ్‌నగర్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా విద్యార్థులు, వైర్‌మన్ పర్మిట్ ఉన్న పనివారు కలిసి కూర్చున్న సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో డిప్లొమా చదువుతున్న పిల్లలు ఉన్నారు. వెనక వరుసల్లో నాతో ఏళ్ల తరబడి పనిచేసిన వైర్‌మన్‌లు ఉన్నారు. బోరుబావిలోకి మోటారు కేబుల్ దించడం, స్టార్టర్ పెట్టె బిగించడం, ఫేజు పోయిందని మోటారు శబ్దాన్ని బట్టే చెప్పేయడం వారికి చేతి పని. అందులో నేను వారికి నేర్పేదేమీ లేదు. ఈ రోజు మాట్లాడబోయేది వారి చేతికి కొత్తగా వస్తున్న పని గురించి. కంప్యూటర్ గదుల్లో అసలు నేల మీద మరో నేల లేపి, ఆ రెండింటి నడుమ మనం పరిచే వైరింగ్ గురించి.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2023లో ఇక్కడి దివిటిపల్లిలోనూ నల్లగొండలోనూ ఐటీ టవర్లు ప్రారంభమయ్యాయి. అంతకు ముందు ఏడాది నవంబరులో అమెజాన్ వెబ్ సర్వీసెస్ తన హైదరాబాద్ రీజియన్‌ను, అంటే డేటా సెంటర్ల సముదాయాన్ని, తెరిచింది. అంత పెద్దవాటిని పక్కన పెట్టండి. జిల్లా కేంద్రంలో ఏ పెద్ద బ్యాంకుకు వెళ్లినా, ఏ పెద్ద ఆసుపత్రికి వెళ్లినా, చల్లగా ఉండే ఒక తాళం వేసిన గది ఉంటుంది. లోపల నాలుగైదు ర్యాకులు, అంటే సర్వర్ కంప్యూటర్లు పేర్చిన ఇనుప బీరువాలు, ఉంటాయి. ఆ గదికి కరెంటు ఇచ్చేది మనమే.

ముందు ఆ నేల ఎలా ఉంటుందో చెబుతాను. 600 మిల్లీమీటర్ల చదరపు పలకలు. వాటి నాలుగు మూలలకూ ఇనుప కాళ్లు. పలక కింద జానెడు నుంచి మూడు జానల దాకా ఖాళీ. గాజు పనివారి దగ్గర ఉండే రబ్బరు కప్పు లాంటి దానితో పలకను పైకి లేపవచ్చు. చూడగానే మనకు ఏమనిపిస్తుంది? గోడ కొట్టే పని లేదు, నేల తవ్వే పని లేదు, వైరు ఎలా పడేసినా పైకి కనిపించదు, ఎంత సుఖం అనిపిస్తుంది. చాలామంది ఆ ఖాళీని ఇంటి అటక లాగా వాడుకుంటారు. అటక మీద సామాను కనీసం తలెత్తితే కనిపిస్తుంది. ఈ అటక కాళ్ల కింద ఉంది, ఎవరికీ కనిపించదు.

అసలు సంగతి ఏమిటంటే, చాలా గదుల్లో ఆ ఖాళీ ఏసీ గాలికి దారి. గది మూలన ఉన్న పెద్ద ఏసీ యంత్రం చల్లగాలిని కిందికి తోస్తుంది. ఆ గాలి నేల కింద పరుచుకుని, ర్యాకుల ముందు ఉన్న చిల్లుల పలకల్లోంచి పైకి వస్తుంది. సర్వర్లు దాన్ని పీల్చుకుని వేడిగా వెనక్కి వదులుతాయి. అంటే మీరు వైరు పరుస్తున్నది ఖాళీ జాగాలో కాదు, గాలి గొట్టంలో. ఈ ఒక్క మాట మనసులో నిలిస్తే, వైరింగ్ నియమాలుండే కోడ్ పుస్తకంలోని ప్రతి నిబంధనా ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పనవసరం లేకుండానే అర్థమవుతుంది.

నాకు ఇది అర్థమైన రోజు చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. సర్వర్ గదిలో కాలిన వాసన వస్తోందని. వెళ్లేసరికి అక్కడి వారు ఒక ర్యాకును సగం విప్పేశారు. వాసన సరిగ్గా దాని ముందున్న పలక చిల్లుల్లోంచి వస్తోంది. అందరి దృష్టీ ఆ ర్యాకు మీదే. గంట సేపు వెతికాం, ఏమీ దొరకలేదు. చివరికి పలకలు ఒక్కొక్కటే లేపుకుంటూ పోతే, గదికి ఆ చివర, ఏసీ యంత్రం పక్కన దొరికింది. ఎవరో కేబుల్‌ను మధ్యలో కోసి, కొసలు మెలేసి, టేపు చుట్టి వదిలేసిన జాయింటు. అది మెల్లగా కమిలిపోతోంది. గాలి ఆ వాసనను గది కింద ఇరవై అడుగులు మోసుకొచ్చి ఇంకెక్కడో పైకి పంపింది. నిప్పు లేనిదే పొగ రాదంటారు. కేబుల్ విషయంలో మంట కనిపించకముందే, ప్లాస్టిక్ కమలడంతోనే పొగ మొదలవుతుంది. ఆ పొగ పుట్టిన చోట ఉండదు, గాలి తీసుకెళ్లిన చోటికి పోతుంది.

వైరు తొడుగులోని మామూలు పీవీసీ ప్లాస్టిక్ కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది. తేమ తగిలితే అది ఆమ్లం. కళ్లు, గొంతు మండిపోతాయి. సర్వర్ల సన్నని రాగి గీతల మీద పడి వాటినీ తినేస్తుంది. మంట ఆరిపోయాక కూడా యంత్రాలు ఒకటొకటిగా చెడిపోవడానికి ఇదొక కారణం.

పొగ అంటే ఏమిటో మన ప్రాంతానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచాయి. తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. సొరంగం నిండా దట్టమైన పొగ కమ్ముకుని, కాపాడడానికి వెళ్లినవారు లోపలికి అడుగు వేయలేకపోయారు. ఆ ప్రమాద కారణాల జోలికి నేను ఇక్కడ వెళ్లడం లేదు. అది వేరే రకం కేంద్రం, వేరే లెక్క. మన వృత్తిలోని మనుషులు, మన పొరుగున, మూసుకున్న చోట పొగకు చిక్కుకుని పోయారు. ఆ తర్వాత నేల కింద నేను ఏ కేబుల్ పరిచినా వారు గుర్తుకు వస్తారు.

ఇక కోడ్ సంగతి. ఇక్కడ పిల్లలు ఒక గందరగోళంలో పడుతుంటారు. నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ అనే పేరుతో పుస్తకాలు రెండు ఉన్నాయి. ఒకటి అమెరికాది. అక్కడి అగ్నిప్రమాద నివారణ సంస్థ ఎన్ఎఫ్‌పీఏ మూడేళ్లకోసారి సవరించి ప్రచురిస్తుంది, తొలి కూర్పు 1897 నాటిది. రెండోది మనది. భారతీయ ప్రమాణాల సంస్థ ఎస్‌పీ 30 పేరుతో 1985లో తెచ్చింది, 2011లో, 2023లో సవరించింది. మన దేశంలో చట్టబద్ధంగా కట్టుబడవలసినవి సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ భద్రతా నిబంధనలు, 2023లో కొత్తగా వచ్చినవి. వైరింగ్‌కు ఐఎస్ 732, ఎర్తింగ్‌కు ఐఎస్ 3043 ఎలాగూ చూడాలి. అమెరికా కోడ్‌కు ఇక్కడ చట్టపరమైన బలం లేదు. అయినా నేను ఇవాళ దాని 645వ అధ్యాయం గురించే ఎక్కువ మాట్లాడతాను. ఎత్తు నేల కింద వైరింగ్ గురించి అంత విడమరిచి ఆలోచించిన అధ్యాయం నేను మరొకటి చదవలేదు. పైగా విదేశీ కంపెనీల టెండరు పత్రాల్లో ఆ అంకె మీకు తప్పకుండా ఎదురవుతుంది.

ఆ అధ్యాయాన్ని చాలామంది అదనపు ఆంక్షల జాబితాగా చదువుతారు. అది నిజానికి ఒక ఒప్పందం. ఏసీ గాలి తిరిగే చోట వైరింగ్‌కు అమెరికా కోడ్‌లో మామూలుగా ఉన్న నియమం 300.22. అది చాలా కఠినం. తక్కువ పొగ, తక్కువ మంట వచ్చేలా పరీక్షించిన కేబుళ్లు, లోహపు గొట్టాలు, ఇలా ఉంటుంది. మామూలు ఫ్లెక్సిబుల్ వైరును నేల కింద దాచడం కూడా ఆ కోడ్ ఒప్పుకోదు. కంప్యూటర్ గదిలో అలా పనిచేయడం కష్టం. ఈ నెల ఒక ర్యాకు వస్తుంది, వచ్చే నెల దాన్ని జరుపుతారు. అందుకని 645 ఏమంటుందంటే, నీ గది ఈ షరతులకు లోబడి ఉంటే, నీకు కొంత వెసులుబాటు ఇస్తాను అంటుంది.

షరతులు ఏమిటి? గది గోడలు, కప్పు, నేల మంటను నిర్ణీత కాలం ఆపగలగాలి. ఏసీ ఆ గదికే ప్రత్యేకంగా ఉండాలి. మిగతా భవనంతో కలిసి ఉంటే, గది సరిహద్దు దాటే చోట మంటా పొగా తెలియగానే మూసుకునే తలుపులు ఆ గొట్టాలకు ఉండాలి. పరీక్షించి ఆమోదించిన కంప్యూటర్ పరికరాలే పెట్టాలి. వాటిని నడపడానికి, మరమ్మతు చేయడానికి అవసరమైన మనుషులే లోపలికి రావాలి. ఆ గదికి సంబంధం లేని కరెంటు పరికరాలు, వైర్లు అక్కడ ఉండకూడదు. మొత్తం కరెంటునూ ఏసీనీ ఒక్క చోట నుంచి ఆపే ఏర్పాటు ఉండాలి.

దానికి బదులుగా దొరికే వెసులుబాటు చూడండి. పరికరాల సరఫరా తీగలను నేల కింద వేసుకోవచ్చు. ఆ పరికరాలతో పాటు ఆమోదం పొందిన తీగలను, ప్లగ్గులను, సాకెట్ పెట్టెలను అక్కడ బిగించకుండా వదిలినా ఫరవాలేదు. మామూలు చోట ఇది ఊహించలేం.

మన దగ్గర జరిగే తప్పు ఇక్కడే. వెసులుబాటు తీసుకుంటారు, షరతులు మరిచిపోతారు. నేను ఒక సర్వర్ గదిలో పాత ఖాతా పుస్తకాల మూటలు కప్పు దాకా పేర్చి ఉండడం చూశాను. మరో చోట పక్క గదిలోని ఫొటోకాపీ యంత్రానికి లైను ఆ నేల కిందుగానే పోతోంది. గోడకు ర్యాకు కేబుల్ కోసం కొట్టిన రంధ్రంలోంచి అవతలి గది వెలుతురు కనిపిస్తోంది. ఆ రంధ్రాన్ని మంటను ఆపే సీలుతో మూయలేదు. షరతు విరిగితే ఒప్పందం చెల్లదు, అప్పుడు నేల కింద వదులుగా పడేసిన ప్రతి వైరూ తప్పే అవుతుంది.

సరఫరా లైన్లు, అంటే డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి సాకెట్ దాకా వచ్చేవి, పైపులోనో, మూత ఉన్న ట్రంకింగ్‌లోనో, లోహపు కవచం ఉన్న ఆర్మర్డ్ కేబుల్‌గానో రావాలి. విడి వైర్లు పనికిరావు. కోడ్ ప్లాస్టిక్ పైపునూ కొన్ని పద్ధతుల్లో ఒప్పుకుంటుంది. నా మట్టుకు నేను ఇనుప పైపే వేస్తాను. మన గదుల్లోకి ఎలుకలు వస్తాయి. లోడు మొత్తానికి 125 శాతం మోయగల సైజు వైరు వేయాలి. సాకెట్ నుంచి పరికరానికి వెళ్లే తీగ నాలుగున్నర మీటర్లు మించకూడదు. ఈ నాలుగున్నర మీటర్ల మీద నాతో చాలామంది వాదించారు. అయిదు మీటర్లైతే ఏమవుతుంది అని. పొడవు పెరిగే కొద్దీ అది చుట్టలు చుట్టుకుని మూలకు చేరుతుంది. అది చాలక దానికి ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలిస్తారు. నేను చెప్పిన ఆ కమిలిపోయిన జాయింటు కూడా అలాగే పుట్టింది. ర్యాకును జరిపారు, తీగ చాలలేదు, కోసి అతికించారు. కొత్త సాకెట్ పెట్టాల్సిన చోట టేపు చుట్ట పెట్టారు.

పలకకు కోసిన కంతల అంచులు వైరును కోయకుండా రబ్బరు గానీ బ్రష్షు గానీ బిగించాలి. దుమ్ము కింద పడకూడదు కూడా. ఇక నేల కింద పొగను పసిగట్టే డిటెక్టరు ఉండాలి, అది మోగగానే గాలి తిరగడం ఆగిపోవాలి. మోగడం ఒక్కటే చాలదు. మన దగ్గర డిటెక్టరు పెడతారు, దాన్ని ఏసీకి కలపరు. అలారం మోగుతూ ఉంటుంది, ఫ్యాను పొగను పంచుతూ ఉంటుంది. గదిని అప్పజెప్పే ముందు పరీక్ష స్ప్రే కొట్టి, ఏసీ ఆగిందో లేదో మీ కళ్లతో చూడండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. వదిలేసిన కేబుళ్లు.

ఆ జాయింటు దొరికిన రోజున, అది పైకి కనిపించలేదు. దాని మీద కేబుళ్ల కుప్ప ఉంది. పై పొరలో నీలం రంగు నెట్‌వర్క్ కేబుళ్లు. వాటి కింద లావుపాటి పాత నెట్‌వర్క్ కేబుళ్లు. వాటి కింద టెలిఫోను జతలు. అట్టడుగున నల్లటి కోయాక్సియల్. ఒక్కో పొరా ఒక్కో గుత్తేదారు చేసిపోయిన పని. ఎవరూ ముందువాడిది తీయలేదు. ఆ పొరల మధ్య ఎలుక వరిగడ్డి తెచ్చి గూడు కట్టుకుంది. మీలో పల్లె నుంచి వచ్చినవారికి గడ్డివాము పక్కన బీడీ కాల్చకూడదని తెలుసు. మనం గడ్డివామునే తెచ్చి కరెంటు జాయింటు మీద కప్పాం. అవన్నీ చచ్చిన కేబుళ్లేనని అక్కడివారు చెప్పారు. నేను టెస్టరు పెట్టాను. అడుగున ఉన్న ఒక కరెంటు కేబుల్ దగ్గర టెస్టరు వెలిగింది. అవతలి కొస ఎక్కడ ఉందో ఆ కార్యాలయంలో ఎవరికీ తెలియదు. నాతో వచ్చిన కుర్రవాడి చేతిలో అప్పటికే కట్టర్ ఉంది. ఆ క్షణం తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె ఆగినట్టు ఉంటుంది.

వదిలేసిన కేబుల్ మూడు రకాలుగా చేటు. గాలికి అడ్డుపడుతుంది, అవతల ర్యాకు వేడెక్కుతుంది. మంట అంటుకుంటే కట్టెల మోపు అవుతుంది. బతికున్న కేబుల్‌ను దాచిపెడుతుంది. అమెరికా కోడ్‌లో 2002 నుంచి దీని మీద స్పష్టమైన నిబంధన ఉంది. చేయి అందే మేర వదిలేసిన కేబుల్‌ను తీసివేయాలి. పైపులో ఉన్నదానికి మినహాయింపు. ముందుముందు వాడతాం అంటే దానికి చీటీ కట్టాలి. ఆ చీటీ మీద ఏ తేదీన అలా నిర్ణయించారు, ఎప్పటికి వాడతారు, దేనికి వాడతారు అనే మూడూ రాయాలి. ఈ మూడు మాటలు రాయలేకపోతే అది వాడబోయే కేబుల్ కాదు, చెత్త.

న్యూట్రల్ గురించి వెనక వరుసలవారికి ఒక మాట. పొలంలో మూడు ఫేజుల మోటారుకు న్యూట్రల్‌తో పనే లేదు. అందుకే మనకు మూడున్నర కోర్ కేబుల్ అలవాటు, అందులో న్యూట్రల్ సగం సైజు. కంప్యూటర్ల లోడు అలా కాదు. వాటి పవర్ సప్లైలు కరెంటును నున్నగా తీసుకోవు, తుంపులు తుంపులుగా లాగుతాయి. దానివల్ల 150 హెర్ట్జ్ మూడో హార్మోనిక్, అంటే మన 50 హెర్ట్జ్ సరఫరాకు మూడింతల వేగంతో ఊగే కరెంటు, పుడుతుంది. మామూలుగా మూడు ఫేజులూ సమానంగా ఉంటే న్యూట్రల్‌లో కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఈ మూడో హార్మోనిక్ కొట్టేసుకోదు, మూడు ఫేజులదీ కలిసి న్యూట్రల్‌లో కూడుకుంటుంది. ఫేజు కన్నా న్యూట్రల్‌లోనే ఎక్కువ కరెంటు పారే పరిస్థితి వస్తుంది. మంచి కొత్త సర్వర్లలో ఇది బాగా తగ్గింది, పాత డెస్క్‌టాప్‌ల గదుల్లో తగ్గలేదు. కాబట్టి కంప్యూటర్ గదికి మూడున్నర కోర్ వద్దు, పూర్తి న్యూట్రల్ ఉన్న నాలుగు కోర్ల కేబుల్ వేయండి. క్లాంప్ మీటరుతో న్యూట్రల్‌ను కూడా కొలవండి.

ఎర్తింగ్. మనది బండ నేల. నల్లగొండ అయినా పాలమూరు అయినా రెండడుగులు తవ్వితే గ్రానైటు తగులుతుంది, ఎండాకాలం మట్టి పొడిబారుతుంది. ఎర్త్ గుంతకు సరైన రీడింగు రాదు. అందుకని కంప్యూటర్లకు శుభ్రమైన ఎర్త్ అంటూ దూరంగా మరో గుంత తవ్వి, దాన్ని భవనం ఎర్త్‌తో కలపకుండా ఉంచుతారు. దయచేసి అలా చేయకండి. పిడుగు పడినప్పుడు ఆ రెండు గుంతల మధ్య వేల వోల్టుల తేడా వస్తుంది, ఆ తేడా మధ్యలో నిలబడేది ర్యాకును ముట్టుకున్న మనిషి. వేరే గుంత కావాలంటే తవ్వండి, కానీ రెండింటినీ కలపండి. నేల కాళ్లను, ర్యాకులను, కేబుల్ ట్రేలను కూడా దానికే రాగి తీగతో కలపండి.

అత్యవసర బటన్ గురించి చెప్పి ముగిస్తాను. కరెంటునూ ఏసీనీ ఒకేసారి ఆపే బటన్ అది. యూపీఎస్ ఉంటే బ్యాటరీని కూడా లోడు నుంచి విడదీయాలి. లేకపోతే మెయిన్ ఆపి, గది చచ్చిందనుకుని లోపలికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బందికి బ్యాటరీ కరెంటు కొడుతుంది. పెద్ద డేటా సెంటర్లు కొన్ని ఈ బటన్ ఇష్టపడక, 645 వెసులుబాటు మొత్తం వదులుకుని కఠిన నియమాల ప్రకారమే వైరింగ్ చేసుకుంటాయి. అదీ న్యాయమైన దారే. కానీ బటన్ పెట్టినచోట దాని మీద మూత ఉండాలి, పక్కన తెలుగులో రాసి ఉండాలి. ఒక చోట ఊడ్చే అమ్మ దాన్ని తలుపు తెరిచే బటన్ అనుకుని నొక్కింది. అందరూ ఆమెను తిట్టారు. అక్కడ ఉన్న అక్షరాలన్నీ ఇంగ్లిష్‌వే, ఆమెకు చదవడం వచ్చింది తెలుగు. తప్పు బోర్డు రాయించినవారిది. రాత్రి పూట ఆ భవనంలో ఉండేది కాపలాదారే, మంట వస్తే ఆ బటన్ నొక్కవలసిందీ ఆయనే.

(సభలో ఒక ప్రశ్న: పాత కేబుల్ తీయడానికి టెండరులో ఐటం ఉండదు కదా, ఆ కూలి ఎవరిస్తారు?)

మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. నేను చాలా ఏళ్లు ఆ కూలి నా జేబులోంచి ఇచ్చాను, అది సరైన పద్ధతి కాదని తర్వాత తెలుసుకున్నాను. ఇప్పుడు ఇలా చేస్తాను. కొటేషన్ ఇవ్వడానికి వెళ్లిన రోజే నాలుగు పలకలు లేపి ఫొటోలు తీస్తాను. కొటేషన్‌లో మొదటి ఐటంగానే రాస్తాను, వాడుకలో లేని కేబుళ్లను గుర్తించి, రెండు కొసలూ నిర్ధారించి, తొలగించడం, మీటరుకు ఇంత అని. ఆ ఐటం కొట్టేయమంటే, ఏ కేబుల్ ఎందుకు ఉందో చీటీ కట్టి సంతకం చేసి ఇవ్వమంటాను. సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రారు. ఐటం మిగులుతుంది. తీసిన రాగి ఆ యజమానిదే, తూకం వేయించి రసీదు తీసుకోండి, మీ ఆటోలో వేసుకుని వెళ్లకండి. తీసే ముందు ప్రతి కేబుల్‌కూ టెస్టరు పెట్టండి, రెండో కొస దొరికేదాకా కట్టర్ బయటకు తీయకండి.

టీ తర్వాత పక్క గదికి రండి. అక్కడ ఆరు పలకల నేల ఒకటి ఏర్పాటు చేశాం. దాని కింద నేను కావాలనే కొన్ని తప్పులు పెట్టాను. నలుగురు నలుగురుగా వచ్చి వెతకండి, టార్చి తెచ్చుకోండి.